ఊడవని సగం

పెద్దమ్మ రేకు పెట్టెలో ఏముందో నాకు యాభై ఏళ్ళు దాటేదాకా తెలియదు. చిన్నప్పుడు దాని మీద కూర్చున్నా ఊరుకునేది కాదు. మొన్న ఆవిడ పోయాక, పెద్దకర్మ భోజనాలు ముగిసి చుట్టాలంతా అవనిగడ్డ బస్సు కోసం రోడ్డెక్కాక, అమ్మా నేనూ, వేరే ఊళ్ళో కాపురముండే పెద్దమ్మ కోడలు మా వదినా ముగ్గురం వసారాలో కూర్చుని ఆ పెట్టె తెరిచాం. పైన రెండు పట్టుచీరలు, వాటి మడతల్లో పొడైపోయిన వేపాకు, ఒక వెండి కుంకుమ భరిణె, అన్నయ్య చిన్నప్పటి మొలతాడు. అడుగున పాత తువ్వాలు మూట ఒకటి ఉంది. విప్పితే అందులో అరచెయ్యంత నైలాన్ వల సంచీ. దాని మూతికి హవాయి చెప్పు ముక్క కట్టి ఉంది. ఆ ముక్క మీద కాల్చిన మేకుతో వేసిన అంకె, పదిహేడు. ఆ సంచీ కోసం ఇరవై రెండేళ్ళ వయసులో నేను ఈ దొడ్డంతా మోకాళ్ళ మీద పాకి వెతికాను. దొరక్క, దాన్ని ముంగిస ఎత్తుకుపోయిందని నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు పుస్తకంలో రాసి, టైపు చేయించి, అట్ట కూడా వేయించాను. వెలుతురుకి పట్టి చూస్తే లోపల ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి. వదిన అదేదో తాయెత్తనుకుని దండం పెట్టుకుంది. అమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు, మొహం పక్కకి తిప్పుకుని చీరలు మడత పెట్టడం మొదలెట్టింది. అమ్మ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ సంచీ కథ చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

మాది బందరు పక్కన, సముద్రం వైపు ఊరు. నాన్న బోటు మీద వేటకి వెళ్ళేవాడు, అమ్మ వలలు అల్లేది, చిరిగినవి బాగుచేసేది. మా పెద్దమ్మ నాంచారమ్మ అమ్మకి సొంత అక్క. ఆవిణ్ణి దివిసీమలో ఇచ్చారు. బందరులో బస్సెక్కి పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటితే అవనిగడ్డ, అక్కణ్ణుంచి ఇంకో బస్సులో కోడూరు దారిలో కాసేపు పోతే వాళ్ళ ఊరు. పెదనాన్న ఎండుచేపల వ్యాపారం చేసేవాడు. ఇంటి వెనక వాళ్ళకి అర ఎకరం దొడ్డి ఉండేది. ఉప్పెన వచ్చి వెళ్ళాక ఆ నేల మీద ఉప్పు ముగ్గుపిండిలా తెల్లగా పేరుకుందట. అందులో ఏదీ బతకదని అందరూ అంటుంటే పెద్దమ్మ ఎక్కణ్ణుంచో మూడు కానుగ మొక్కలు తెచ్చి పాతి, మంచినీళ్ళు బిందెలతో మోసి బతికించింది. గట్టు పొడుగునా సరుగుడు వేసింది. నేను కాలేజీలో చేరేసరికి ఆ కానుగలు ఇంటి కప్పుని దాటిపోయాయి. ఎండాకాలం ఆ పూలు రాలితే కింద నేలంతా పేలాలు పోసినట్టుండేది. చెట్లు తప్ప ఆ దొడ్లో ఏ పాదూ పట్టుగా కాసింది లేదు. సొర పెడితే తీగె వేలెడు సాగి ఆగిపోయేది, గోంగూర ఎర్రబడి గిడసబారిపోయేది.

పెద్దమ్మ తెల్లవారుజామున లేచేది. చీర చెంగు నడుముకి బిగించి, ఈనెల చీపురు అందుకుని, గడప దగ్గర మొదలుపెట్టి సరుగుడు గట్టు దాకా ఊడ్చుకుంటూ పోయేది. నేను సెలవులకి వెళ్ళినప్పుడు ఆ సర్రు సర్రుమనే చప్పుడుకే మెలకువ వచ్చేది. ఆవిడ ఊడ్చిన దొడ్డి మీద చీపురు గీతలు దువ్విన జుట్టులా కనిపించేవి. వాటి మీద ఎవరైనా నడిస్తే పెదనాన్నకైనా తిట్లు తప్పేవి కావు. పోగైన కానుగ ఆకుని మూలకి చేర్చి నిప్పంటించేది. సరుగుడు ఆకు నీళ్ళ పొయ్యిలోకి పోయేది. ఆ పొగా, పక్కింటి వాళ్ళు గడ్డి పరకల మీద ఎండబెట్టిన సావిళ్ళ చేపల కంపూ, పెదనాన్న చుట్ట వాసనా కలిస్తేనే నాకు దివిసీమ వచ్చినట్టు. చెట్టు కింద ఆకు కనబడిందంటే ఆ ఇంట్లో ఆడది మంచాన పడిందనో, పుట్టింటికి పోయిందనో అనుకునే ఊరు అది. ఆవిడ పెళ్ళయి వచ్చింది మొదలు ఆ దొడ్డి ఒక్కరోజు ఊడవకుండా లేదు.

నేను ఎమ్మెస్సీ బోటనీ రెండో ఏడాదిలో ఉండగా దివిసీమ అంతా రొయ్యల చెరువుల మయం అయిపోయింది. పొలాలకి పొలాలు తవ్వేసి ఉప్పునీళ్ళు పెడుతున్నారు. పెద్దమ్మ దొడ్డికి మూడు పక్కలా చెరువులు వచ్చేశాయి. నాలుగో పక్క కూడా కలిపేసుకుంటే తన చెరువు చదరంగా కుదురుతుందని ఆ చెరువుల ఆసామి పెదనాన్నని కౌలుకి అడిగాడు. పెదనాన్న సగం మెత్తబడ్డాడు. పెద్దమ్మ అన్నం మానేసింది. ఉగాదికి నేను వెళ్ళేసరికి మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు లేవు. పచ్చడి గిన్నె నా చేత అందించుకుంటున్నారు.

"ఉప్పునీళ్ళు ఒకసారి అడక్కుండా వచ్చి పోయినాయి. ఇప్పుడు మనమే గట్లు కట్టి పిలుచుకుంటామా?" అంది పెద్దమ్మ నాతో, ఆయనకి వినబడేలా.

"చచ్చిన నేలకి కాపలా ఎందుకే? వానపాము కూడా ఉండదు ఆ చవుట్లో. ఎరకి కావాలంటే కాలవ గట్టు దాకా పోతన్నా నేను," అన్నాడు పెదనాన్న, అదీ నాతోనే. ఆయనకి సాయంత్రమైతే మురుగు కాలవ దగ్గర గాలం వేసుకుని కూర్చోవడం తప్ప వేరే సరదా లేదు.

నాకు అప్పుడే మా గైడు మేడం చెప్పిన పాఠం చెవుల్లో మోగుతోంది. ఆవిడ చెప్పిందేమిటంటే, చలిదేశాల్లో రాలిన ఆకు ఏళ్ళ తరబడి చివకకుండా పడి ఉంటుంది, అక్కడి నేల దాచుకుని దాచుకుని తింటుంది. మన వేడికీ వానకీ ఆకు నెలల్లో కరిగిపోతుంది, చెట్టు ఆ సారాన్ని వెంటనే వేళ్ళతో లాగేసుకుంటుంది. నేల దగ్గర నిలవ ఏమీ ఉండదు. ఏ పూట రాలింది ఆ పూట తినాల్సిందే. నాకు ఠక్కున మా ఇల్లే గుర్తొచ్చింది. నాన్న వేటకి వెళ్ళిన రోజు అన్నం, వెళ్ళని రోజు గంజి. అంటే, రోజూ ఆకు ఊడ్చేసి తగలబెట్టడమంటే నేల నోటి దగ్గర కూడు లాగేసుకోవడమే కదా. పెద్దమ్మ ఇన్నేళ్ళుగా ప్రేమగా ఆ పనే చేస్తోందని తట్టగానే నాకు కూర్చోబుద్ధి కాలేదు. నిలబడి, పచ్చడి చేత్తోనే, ఈ నేల చచ్చిందో బతికుందో నేను తేలుస్తానని ప్రకటించాను. అప్పట్లో నాకు నోరు ఎక్కువ, ఇప్పుడూ తగ్గలేదు.

పెదనాన్న నవ్వాడు. "తేల్చు. కార్తీకం వెళ్ళేలోపు ఈ నేల బతికుందని నా కళ్ళకి చూపించు. చెరువు మాట మళ్ళీ ఎత్తను. చూపించలేకపోతే మీ పెద్దమ్మ నోరెత్తకూడదు."

"సరే అను," అంది పెద్దమ్మ. మూడు చెట్లనీ తన చేత్తో పెంచుకున్న మనిషి, వాటిని నా పరీక్ష మీద పెట్టింది.

పని ఏమిటంటే, ఆకుని తూచి, వల సంచుల్లో పోసి, చెట్టు కింద రెండు వేళ్ళ లోతున పాతిపెట్టాలి. నెలనెలా కొన్ని తీసి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ తూచాలి. ఎంత తగ్గితే అంత నేలలోకి వెళ్ళినట్టు. నలభై సంచులు కావాలన్నారు మేడం. బజార్లో కొనే స్తోమత లేదు, ఇంట్లో అమ్మ ఉంది కదా అనుకుని, పెద్దమ్మ దొడ్లో ఏరి తూచిన కానుగ ఆకు పొట్లాలు తనకిచ్చాను. "ఆకు బయటికి రాలకూడదే అమ్మా, అంతే" అని చెప్పి కాలేజీకి పోయాను. సంచీ కంతలు పురుగూ పుట్రా దూరేటంత ఉండాలని మేడం రెండుసార్లు చెప్పిన మాట అమ్మకి చెప్పడం మర్చిపోయాను. వల అల్లే మనిషికి లోపలున్నది బయటికి పోకూడదు అని చెబితే ఏం చేస్తుంది? రొయ్యపిల్లల్ని పట్టే సన్నకంటి వల, అదీ రెండు మడతలు వేసి, చుట్టూ ముడి మీద ముడి వేసి కుట్టింది. ఇరవై సంచులయ్యేసరికి ఆ వల అయిపోయింది. మిగతా ఇరవైకి చిటికెనవేలు దూరేటంత పెద్దకంటి చేపల వల ముక్కలు వాడింది. నాన్న పాత చెప్పులు కోసి, మేకు కాల్చి, ఒకటి నుంచి ఇరవై దాకా సన్నవాటికి, ఇరవై ఒకటి నుంచి నలభై దాకా పెద్దవాటికి అంకెలు వేశాడు. నేను చూసేసరికి ఆకులు నింపి, కుట్లు వేసి, గంపలో పెట్టి ఉన్నాయి. తెల్లారితే బస్సు.

"ఇదేంటే, రెండు రకాలు చేశావు?" అన్నాను, ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఆ మొదటి ఇరవై చూడు, మెతుకంత రొయ్యపిల్ల కూడా దాటదు," అంది అమ్మ గర్వంగా.

మేడంకి చెబితే మళ్ళీ చేయమంటారు. చెప్పలేదు. అంకెల వరసలోనే పాతేశాను, కానుగల కింద మొదటి ఇరవై, వాటి పక్కనే గట్టు వైపు మిగతా ఇరవై. అన్నిట్లోనూ అవే కానుగ ఆకులు, అదే బరువు.

అసలు కష్టం పాతడం కాదు, ఊడవకపోవడం. పెద్దమ్మ చేత దొడ్డికి అడ్డంగా పలుగుతో గీత గీయించాను. ఇంటి వైపు సగం ఆవిడ ఇష్టం, కానుగల వైపు సగం మాత్రం కార్తీకం దాకా చీపురు తగలకూడదు. మొదటి వారం ఆవిడకి నిద్ర పట్టలేదట. గీత దాకా ఊడ్చుకుంటూ వచ్చి, ఆగి, అవతలికి చూసి, నిట్టూర్చి వెనక్కి వెళ్ళేదట. ఒకరోజు చెయ్యి ఊరుకోక రెండు ఆకులు ఏరేసి, మళ్ళీ తప్పు చేసినట్టు అక్కడే పెట్టేసిందని పెదనాన్న నాతో చెప్పాడు. దారిన పోయే ఆడవాళ్ళు ఊరుకుంటారా. "నాంచారమ్మక్కా, చీపురు అరిగిపోయిందా, మాది పంపమంటావా?" అని ఒకరు, "కోడలు రాకముందే పని మానేశావే" అని ఇంకొకరు. పెద్దమ్మ అందరికీ ఒకటే సమాధానం చెప్పేదట. "మా మణి సైన్సు చేస్తంది." ఆ మాట వింటే నాకు ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, అప్పుడు గుండెల మీద బిందె పెట్టినట్టుండేది.

ఎందుకంటే నా సైన్సు ఏమీ చేయట్లేదు. జ్యేష్ఠంలో వెళ్ళి, బుద్ధిగా వరసలో, ఒకటి నుంచి నాలుగు దాకా తీశాను. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఆకు కాస్త వాడింది, అంతే. ఆ ఏడు వానలు కూడా ఆలస్యం. బందరు తీసుకెళ్ళి ల్యాబులో ఆరబెడితే, వాటిని మోసుకొచ్చిన గంప ఎండుచేపలది కావడంతో ఓవెన్ అంతా కంపు కొట్టి, ల్యాబు అటెండరు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆషాఢంలో ఐదు నుంచి ఎనిమిది తీశాను. ఆకు నల్లమచ్చలు పడి మెత్తబడింది కానీ ఆకారం చెక్కు చెదరలేదు. మేడం వాటిని వేళ్ళతో విప్పి చూసి, "ఈ నేలలో ఉప్పుకి ప్రాణులు లేవేమో మణీ. అదీ ఒక ఫలితమేగా, అలాగే రాద్దాం" అన్నారు. ఆవిడకి అది ఫలితం. నాకు అది మూడు కానుగ చెట్లు. ఆ మాట పెద్దమ్మకి చెప్పకుండా ఉండాల్సింది, చెప్పేశాను. పెదనాన్న వింటూ గాలం కొక్కెం తుడుచుకుంటున్నాడు. "కొండని తవ్వి ఎలకని పడతారంటారు. మనమ్మాయికి ఎలకైనా దొరకలా," అన్నాడు. అందులో కసి లేదు, జాలే ఉంది. అదే నాకు ఎక్కువ మండింది.

శ్రావణంలో వానలు దంచాయి. ముసురు పట్టిన రోజున గొడుగు వేసుకుని వెళ్ళాను. సంచులన్నీ ఉన్నాయో లేదో లెక్క చూసుకుంటే పదిహేడు లేదు. ఆ చోట మట్టి గుల్లగా ఉంది. మోకాళ్ళ మీద పాకుతూ బురదలో చేతులు పెట్టి అంగుళం అంగుళం వెతికాను. పెద్దమ్మ వసారాలో నిలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ముంగిసేనే," అంది చివరికి. "మొన్న తెల్లారగట్ట నేనే చూశా. నోట కరుచుకుని చెరువు గట్టు దిగిపోయింది. ఏదో తినేదనుకుంది పాపం."

ఆవిడ అంత వివరంగా చెబితే నమ్మక ఏం చేస్తాను. అలా వెతుక్కుంటూ వెతుక్కుంటూ నేను నాకు తెలియకుండానే గట్టు వైపు వరసలోకి వచ్చేశాను. వానకి అక్కడ మట్టి కొట్టుకుపోయి ఒక చెప్పు ముక్క పైకి తేలి ఉంది. ముప్ఫై ఒకటి. దాని వంతు ఇంకా రాలేదు, తీయకూడదు. అయినా పైకి వచ్చిందే కదా అని పట్టుకుని లాగాను. చేతికి బరువు తగల్లేదు. వల లోపల ఆకుల్లేవు. రెండు మూడు ఈనెలు, గుప్పెడు నల్లటి మెత్తటి పొడి, ఆ పొడిలోంచి పెద్దకంటిలో దూరి సగం లోపల సగం బయట మెలికలు తిరుగుతున్న వానపాము. చిటికెనవేలంత లావు. నేను వెనక్కి బురదలో కూలబడిపోయాను. ముప్ఫై రెండు లాగాను, అదీ అంతే. ముప్ఫై మూడు తీస్తే అందులో రెండు పాములు. పరిగెత్తుకెళ్ళి తొమ్మిది తీశాను, సన్నకంటిది. ఆకు ఆకులాగే ఉంది. ఒకటే ఆకు, ఒకటే నేల, ఒకటే వాన. తేడా అంతా అమ్మ కుట్టిన కంతల్లో ఉంది. నేను రెండు నెలలుగా చూసింది నేల చావుని కాదు, తలుపు వేసి ఉన్న గదుల్ని. ప్రాణులు లేక కాదు, దూరే దారి లేక. వరస తప్పకుండా తీయాలనే నా బుద్ధిమంతురాలితనం నన్ను ఇన్నాళ్ళూ తలుపు వేసిన గదుల చుట్టూనే తిప్పింది. ఈ సంగతి తట్టిన క్షణం లాంటిది నా బతుకులో ఇంకోటి రాలేదు, పెళ్ళి రోజు కూడా కాదు. వానలో తడుస్తూ, ఒక చేత్తో తొమ్మిది, ఒక చేత్తో ముప్ఫై ఒకటి పట్టుకుని, ఇల్లెగిరిపోయేలా నవ్వాను. పెద్దమ్మ భయపడి గొడుగు లేకుండానే పరిగెత్తుకొచ్చింది. సంచీ చూపించాను. ఆవిడ ఆ పామునీ, నల్లటి పొడినీ చూసి, పొడి కాస్త చిటికెతో తీసి వాసన చూసింది.

"కొత్త మట్టి వాసన," అంది. కళ్ళు తుడుచుకుంది. "నా నేల చచ్చిపోలా."

పెదనాన్నకి ఏం చెప్పాలా అని నేను పాఠం అల్లుకుంటున్నాను. వానపాములు ఆకుని కొరికి పొడిచేస్తే, కంటికి కనబడని బూజులూ సూక్ష్మజీవులూ దాని పని పడతాయని, ఆకులో ఉన్న పొటాష్ మొదటి వానలకే దిగిపోతుందని, నత్రజని మాత్రం పిసినారిలా ఆగి ఆగి వదులుతుందని. ఒక్క ముక్కా అవసరం కాలేదు. ఆయన సాయంత్రం వచ్చి గాలం అందుకోబోతుంటే పెద్దమ్మ మాట్లాడకుండా కొబ్బరిచిప్ప ఒకటి ముందు పెట్టింది. అందులో ఐదు వానపాములు. ఎన్నో నెలల తర్వాత ఆవిడ ఆయన చేతికి నేరుగా అందించిన వస్తువు అది. ఆయన చిప్ప వంక, ఆవిడ వంక చూశాడు.

"ఎక్కడియ్యి?"

"నీ చచ్చిన నేలలోయి."

ఆయన నమ్మలేదు. తనే గునపం తీసుకుని ముందు ఊడ్చిన సగంలో నాలుగు చోట్ల తవ్వాడు. గట్టిగా, తెల్లగా, ఒక్కటీ లేదు. గీత దాటి ఊడవని సగంలో తడి ఆకు పక్కకి తోసి ఒక్క పోటు వేశాడు. పెళ్ళ తిరగబడితే అందులో రెండు. గొంతుక్కూర్చుని రెంటినీ తనే ఏరి చిప్పలో వేసుకున్నాడు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు, పెరటి పాము ఎరకి పనికొచ్చింది. ఆ రాత్రి ఇంట్లో కొరమీను పులుసు. తింటూ తింటూ, "ఆ చెరువుల ఆసామికి వేరే చోటు చూసుకోమని చెప్తాలే," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. పెద్దమ్మ ఇంకో ముక్క వేసింది.

కార్తీకానికి ఊడవని సగంలో చల్లిన గోంగూర ముదురాకుపచ్చగా నడుము దాకా వచ్చింది, ఊడ్చిన సగంలోది మోకాలు దాటలేదు. రెండు సగాల మట్టీ ల్యాబులో పరీక్ష చేస్తే, పుస్తకాలు చెప్పినట్టే, ఊడవని దాంట్లోనే సారం ఎక్కువని వచ్చింది. నేను అమ్మ రెండు రకాల కంతల సంగతి మేడంకి ఒప్పుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. పెద్ద పెద్ద వాళ్ళు కావాలని చేసే పోలిక మీ అమ్మగారు పొరపాటున చేసి పెట్టారండీ అని, నాకెప్పుడూ లేని అండీ తగిలించి మరీ నవ్వారు. ప్రాజెక్టు పుస్తకంలో సంచుల పట్టికలో పదిహేడు ఎదురుగా "ముంగిస ఎత్తుకుపోయినది, ప్రత్యక్ష సాక్షి కలదు" అని రాశాను. దాంతోనే ఉద్యోగం వచ్చింది, గుడివాడలో పాతికేళ్ళు పాఠం చెప్పాను. ఇప్పుడు మా వీధిలో పొద్దున్నే ఆకు ఊడ్చి రోడ్డు వార తగలబెడతారు, సాయంత్రం అదే జనం కుండీల్లోకి వర్మీ కంపోస్టు సంచులు కొనుక్కొస్తారు. నేను మున్సిపాలిటీ వాళ్ళని బతిమాలి ఆకు గోతాలు మా గుమ్మంలో దింపించుకుంటాను. పక్క ఫ్లాట్ల వాళ్ళు నన్ను చూసి ఏమనుకుంటారో నాకు తెలుసు. అప్పుడు పెద్దమ్మ ఏమనేదో అదే అంటాను, సైన్సు చేస్తున్నానని.

ఇంతకీ ఆ ప్రత్యక్ష సాక్షి పెట్టెలోనే సంచీ దొరికింది. అమ్మని నిలదీశాను. కాసేపు చీరలు మడత పెట్టి, ఇక తప్పదని చెప్పింది.

"నువ్వు ఆషాఢంలో ఆకు కుళ్ళలేదని చెప్పి వెళ్ళావా, దానికి ఆగలా. చేతికందినది ఒకటి తవ్వి చూసుకుంది. ఎట్టా పెట్టింది అట్టానే ఉంది ఆకు. అదట్టుకుని బందరు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. 'చెల్లే, ఇది పిల్ల చూసిందంటే నేల చచ్చిందని రాసేస్తది. మీ బావ మర్నాడే చెరువు తవ్వడానికి ప్రొక్లెయిన్ పిలుస్తాడు' అని ఏడ్చింది. మళ్ళీ పాతిపెడితే నీ లెక్క తప్పుద్దని భయం. అందుకని దాచేసింది. నా చేత ఒట్టేయించుకుంది."

"సరే, తర్వాత చెప్పొచ్చుగా. పాములు దొరికాక భయమేముంది?"

"అప్పటికి నువ్వు ముంగిసని పుస్తకంలో ఎక్కించేశావుగా. చెప్తే నీ పుస్తకం అబద్ధమైపోద్దని ఊరుకుంది."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి, ఏది ముందో చెప్పలేను. తన నేలకి ఎదురుగా సాక్ష్యం చెప్పే సంచీని తన కోసం దాచింది, తర్వాత పాతికేళ్ళ పైన నా కోసం దాచింది. పోయేదాకా ఒక్కసారి నోరు జారలేదు. ఆవిడ ఉండగా తెలిసి ఉంటే ముంగిసా అని పిలిచి ఏడిపించేదాన్ని, ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేదాన్ని. అది మాత్రం నాకు తీరని లోటే.

అమ్మా నేనూ దొడ్లోకి వెళ్ళాం. మూడు పక్కలా చెరువులు, వాటిలో నీళ్ళు చిమ్మే చక్రాల మోత. మధ్యలో కానుగలు మాత్రం మునుపటికి రెండింతలు. వాటి కింద పాదం దిగబడేంత ఆకు, పైన పొడి, కింద తడి. అమ్మకి చూపు తగ్గింది, అయినా తను వేసిన ముడి తనకి తెలియదా. గోటితో తడిమి, మెతుకంత రొయ్యపిల్ల కూడా దాటదన్న ఆ కుట్టుని ముడి మీద ముడి విప్పింది. ఆకులు పెళుసుగా, ఈనెలతో సహా, గోధుమరంగులో చేతిలో పడ్డాయి. వాటిని తీసుకెళ్ళి తడి ఆకు కింద పెట్టాను.

అప్పుడే వదిన చీపురు పట్టుకుని వచ్చింది. భోజనాల విస్తరాకులూ కాగితం గ్లాసులూ అన్నీ దొడ్డంతా చెల్లాచెదురుగా ఉన్నాయి, సాయంత్రానికి పలకరించడానికి ఊళ్ళోవాళ్ళొస్తారు. గ్లాసులు ఏరి ఇవతల పడేసి, నడుం బిగించి, గడప దగ్గర్నుంచి సర్రు సర్రున ఊడ్చుకుంటూ కానుగల వైపు వచ్చింది. వసారాలో నులకమంచం మీద పడుకున్న పెదనాన్న మోచేతి మీద లేచాడు.

"అమ్మాయ్, అక్కడ ఒద్దు. అది మీ అత్తగారి సగం."

వదిన ఆగి, ఆకు మొదలయ్యే గీత ఇవతలి వరకే ఊడ్చి వెళ్ళిపోయింది.